మస్టరులో పేరుంది, చేతికి కూలి రాలేదు: సామాజిక తనిఖీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉపాధి హామీ పనుల్లో తినేసిన డబ్బును ఊరి ముందు లెక్క తేల్చే సామాజిక తనిఖీ పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైంది. ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, పని నేర్పింది ప్రజాసంఘాల వాళ్లు, ఊరూరా తిరిగి చేసింది ఎక్కువగా కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలు. యువజన సంఘాలు, కొత్తగా గెలిచిన వార్డు సభ్యులు, స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లు దీని గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఆడిట్ ఎలాగూ ఉంది కదా, మళ్లీ ఈ తనిఖీ ఎందుకు?

మామూలు ఆడిటర్ కాగితాన్ని కాగితంతో పోల్చి చూస్తాడు. బిల్లుందా, వోచరుందా, సంతకాలున్నాయా, మొత్తం సరిపోయిందా అంతే. దొంగ మస్టరు, అంటే కూలీల దొంగ హాజరు పట్టీ, రాసేవాడికి ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు. అందుకే అతని కాగితాల్లో కొట్టివేతలు కూడా కనిపించవు.

సామాజిక తనిఖీలో కాగితాన్ని మనిషితో, నేలతో పోల్చి చూస్తారు. మస్టరులో ఆరు రోజులు పనిచేసినట్టున్న ఆవిడ ఇంటికి వెళ్లి, "అమ్మా, ఎన్ని రోజులు వెళ్లారు, ఎంత ముట్టింది?" అని అడుగుతారు. ఆవిడ అప్పుడు కూతురి కాన్పుకు వేరే ఊళ్లో ఉన్నానంటే లెక్క అక్కడే తెగిపోతుంది. ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాసిన కందకం దగ్గరికి టేపు పట్టుకుని వెళతారు. చివరికి ఇవన్నీ గ్రామసభలో పైకి చదువుతారు.

ఈ ఆలోచన ఎక్కడిది?

రాజస్థాన్‌ది. రాజ్‌సమంద్ జిల్లా దేవ్‌డుంగ్రీలో 1990లో మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కరువు పనుల్లో కనీస కూలి కోసం పోరాడేది. కూలి ఎందుకు తక్కువిచ్చారంటే, మీరు తక్కువ పని చేశారని రికార్డుల్లో ఉందనేవాళ్లు. ఆ రికార్డులు చూపించమంటే అవి రహస్యమనేవాళ్లు. దాంతో కూలి పోరాటం కాగితాల పోరాటంగా మారింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరాణాలో వాళ్లు మొదటి జన్ సున్‌వాయీ (బహిరంగ విచారణ) పెట్టి, దొరికిన బిల్లులను ఊరి మధ్యలో చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మూలాలు అక్కడే ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షను ప్రతి పనికీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు గ్రామసభకు ఇచ్చి తీరాలని కూడా అందులోనే ఉంది.

ప్రభుత్వం తన మీద తానే తనిఖీ పెట్టించుకోవడం నమ్మే విషయమేనా?

అనుమానం న్యాయమైనదే. చాలా రాష్ట్రాలు 17వ సెక్షనును కాగితం మీదే వదిలేశాయి. సర్పంచే ఒక కమిటీ వేసి, "అంతా సవ్యంగా ఉంది" అని రాయించి సంతకాలు పెట్టించి పంపేవాడు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. ఆ ఏడాదే గ్రామీణాభివృద్ధి శాఖ రాజస్థాన్ సంఘటన్ వాళ్లను పిలిచి శిక్షణ ఇప్పించింది. అనంతపురం జిల్లాలో ఊరూరా నడిచి పెద్ద ఎత్తున తనిఖీ చేశారు. అప్పట్లో శాఖ ముఖ్య కార్యదర్శిగా ఉన్న కె. రాజు వంటి అధికారులు గట్టిగా వెనక నిలబడ్డారు కాబట్టే అది సాగింది. అలా ఒకరిద్దరు అధికారుల పట్టుదల మీద నడిచే పని వాళ్లు బదిలీ అయిన రోజు ఆగిపోతుంది. అందుకని 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకత సొసైటీని విడిగా ఏర్పాటు చేశారు. అంతకుముందు రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి ఏళ్ల తరబడి దానికి డైరెక్టరుగా ఉన్నారు.

నా దృష్టిలో ఇక్కడ అసలు తెలివైన పని నిధులకు లెక్క కట్టడం. పథకం ఖర్చులో నూటికి అర్ధరూపాయి తనిఖీకి కేటాయించారు. తనిఖీ చేసేవాడు ప్రతిసారీ తనిఖీ చేయించుకునేవాడి దగ్గరికే వెళ్లి డబ్బులు అడగాల్సి వస్తే, రెండో ఏడాదికే నివేదికల్లో పదును పోతుంది. 2011లో కేంద్రం, ప్రభుత్వ ఖాతాలను ఆడిట్ చేసే కాగ్‌తో సంప్రదించి చేసిన నిబంధనల్లోకి ఆంధ్రప్రదేశ్ పద్ధతి చాలావరకు ఎక్కింది. ప్రతి రాష్ట్రంలో విడిగా సామాజిక తనిఖీ విభాగం ఉండాలని, ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారైనా తనిఖీ జరగాలని అవి చెప్పాయి. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఈ విభాగాలు వేర్వేరుగా నడుస్తున్నాయి.

తనిఖీ చేసేవాళ్లు ఎవరు? ఇంజినీర్లా?

కాదు. మండలానికి వచ్చే బృందంలో జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. ఊళ్లో అందరూ వాళ్లను డీఆర్‌పీలంటారు. వాళ్లను సొంత మండలానికి వేయరు. వాళ్లు ఆ మండలంలో చదవడం, రాయడం వచ్చిన కూలీ కుటుంబాల యువతీయువకులను గ్రామ సామాజిక తనిఖీదారులుగా ఎంచుకుని, కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపుతారు. ఈ యువకులకు కూడా వాళ్ల సొంత ఊరు ఇవ్వరు. అన్న ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటుగా ఉన్న ఊళ్లో తమ్ముడు లెక్కలు అడగలేడు కదా.

శిక్షణలో పెద్ద సిద్ధాంతాలేమీ ఉండవు. మస్టరు ఎలా చదవాలి, జాబ్ కార్డుతో ఎలా సరిచూడాలి, గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఘనపు మీటర్లు ఎలా కట్టాలి, వాంగ్మూలం ఎలా రాసుకోవాలి, అరిచేవాడి ముందు అరవకుండా ఎలా నిలబడాలి. కష్టమైనది ఈ చివరిదే.

ఊళ్లోకి బృందం వచ్చాక ఏం చేస్తుంది?

ముందుగానే మండల ఆఫీసుకు ఉత్తరం రాసి రికార్డులు తెప్పించుకుంటారు. ఏ రికార్డు ఇవ్వలేదో ఆ సంగతే మొదటి పేరాగా నివేదికలో ఎక్కుతుంది. రికార్డు ఇవ్వకపోవడానికి చెప్పే సాకుల మీద ఒక పుస్తకమే రాయొచ్చు. కంప్యూటర్ పాడైంది, ఏపీఓ (మండలంలో పథకం చూసే అధికారి) సెలవులో ఉన్నారు, బీరువా తాళం పోయింది.

తర్వాత ఇంటింటికీ తిరుగుతారు. రోజూ పొద్దున కూలికి పోయేవాళ్లు సాయంత్రానికిగానీ దొరకరు కాబట్టి అసలు పని చీకటి పడ్డాకే సాగుతుంది. బృందం ఊళ్లోనే ఉంటుంది, కూలీల ఇళ్లలోనే తింటుంది. సర్పంచ్ ఇంట్లోనో ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లోనో భోజనం చేయకూడదన్నది కచ్చితమైన నియమం. వాళ్లింట్లో ఒక్క పూట తిన్నా ఊళ్లో నమ్మకం పోతుందని దాని ఉద్దేశం.

ఇక పని జరిగిన చోట కొలతలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి కూలి పని కొలతను బట్టి వస్తుంది. అంటే కొలతలో తప్పుంటే రెండు వైపులా దెబ్బే. ఎక్కువ రాస్తే ఖజానాకు, తక్కువ రాస్తే కూలీకి. కందకాలు, పంట కుంటలు కొలవడం తేలిక. చెరువు పూడికతీత కొలవడం మాత్రం చాలా కష్టం, ఎందుకంటే ఒక్క వానాకాలం గడిస్తే ఒండ్రు మళ్లీ చేరి ఎంత తీశారో ఆనవాలుండదు. అందుకే అనుభవమున్న డీఆర్‌పీలు పూడికతీత బిల్లుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతారు. పని మొదలుకాక ముందు తీసిన కొలతలు, తీసిన మట్టి ఎవరి పొలాలకు వెళ్లింది, ఆ రైతులు ఏమంటున్నారు, చుట్టుపక్కల జేసీబీ జాడలున్నాయా, ఇవన్నీ అడుగుతారు. చట్టం ప్రకారం ఈ పనుల్లో కాంట్రాక్టర్లు ఉండకూడదు, కూలీల పని యంత్రాలతో చేయించకూడదు. ఒక రాత్రి జేసీబీతో తవ్వించి, వారం రోజులు వంద మంది చేసినట్టు మస్టరు రాయడం ఈ రంగంలో పాత విద్య.

ప్రజావేదిక దగ్గర ఏం జరుగుతుంది?

గ్రామసభలు అయ్యాక మండల కేంద్రంలో టెంటు వేసి, ఒక్కో పంచాయతీని పిలిచి నివేదిక చదువుతారు. పథకాన్ని చూసే జిల్లా అధికారులు, ఎంపీడీఓ, ఏపీఓ, టెక్నికల్ అసిస్టెంట్లు, ఫీల్డ్ అసిస్టెంట్లు, ప్రజాప్రతినిధులు అంతా ఉంటారు. ఆరోపణ వచ్చిన వ్యక్తి అక్కడే జవాబు చెప్పుకోవచ్చు. కూలీ లేచి నిలబడి చెప్పొచ్చు. ప్రతి పేరా మీదా రికవరీయా, జరిమానాయా, విచారణయా, తొలగింపా అన్నది రాతపూర్వకంగా నిర్ణయించాలి.

చాలాచోట్ల ఇది రాత్రి దాకా సాగుతుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత పెద్ద అధికారులు ఒక్కొక్కరే జారుకుంటారు, చివరి పంచాయతీల వంతు వచ్చేసరికి వినేవాళ్లు పలచబడతారు. మీ ఊరి పేరు జాబితాలో చివర ఉంటే, మీ వంతు వచ్చేదాకా అందరూ ఉండేలా ముందే మాట్లాడుకోండి.

ఎలాంటి అక్రమాలు దొరుకుతాయి?

చనిపోయినవాళ్ల పేర్లు, వలస వెళ్లినవాళ్ల పేర్లు, ఉద్యోగుల పేర్లు మస్టర్లలో ఉండటం. ఒకే పనికి రెండు పథకాల్లో బిల్లు పెట్టడం. బతికిన మొక్కలు పదుల్లో, నీళ్లు పోసినట్టు బిల్లు వందల్లో ఉండటం. జాబ్ కార్డులన్నీ ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో దొరకడం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లోని 300 పంచాయతీలలో 2006–2010 మధ్య వచ్చిన తనిఖీ నివేదికలను ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించారు. తనిఖీలు జరిగే కొద్దీ అవినీతి మొత్తంగా తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు, రూపం మార్చుకుంది. కూలీని అడిగితే తెలిసిపోయే దొంగ మస్టర్ల నుంచి, కూలీకి తెలియని సామగ్రి బిల్లుల వైపు జరిగింది. సిమెంటు ఎన్ని బస్తాలు పడిందో రోడ్డు వేశాక ఎవరు చెప్పగలరు? సంఘాలకు మస్టరు చదవడం ఒక్కటే నేర్పితే సరిపోదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రిటైరైన ఇంజినీరు, డిప్లొమా చదివిన కుర్రాడు, మేస్త్రీ, ఇలాంటివాళ్లు బృందానికి తోడు కావాలి. ఇరవై ఏళ్లు గోడలు కట్టిన మేస్త్రీ కంకర చూసి చెప్పేది చాలాసార్లు ల్యాబు రిపోర్టుకు తీసిపోదు.

తిన్న డబ్బు వెనక్కి వస్తుందా?

చాలా తక్కువ. 2017–18 నుంచి 2020–21 దాకా నాలుగేళ్లలో దేశమంతటా సామాజిక తనిఖీలు తేల్చిన దుర్వినియోగం సుమారు 935 కోట్లు. రాబట్టింది సుమారు 12.5 కోట్లు. అంటే నూటికి రూపాయిన్నర కూడా రాలేదు. ఎక్కువ బయటపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బయటపెట్టిన చోటే దొంగతనం ఎక్కువని అనుకోవడం పొరపాటు, అసలు వెతకని రాష్ట్రాల్లో అంకె సున్నా దగ్గరే ఉంటుంది. కానీ రికవరీ విషయంలో మనవాళ్లు గొప్పగా చెప్పుకోవడానికీ లేదు.

ఎందుకిలా? ప్రజావేదికలో తేలిన తప్పు దాదాపు ఎప్పుడూ కింది మెట్టు మీదే పడుతుంది. ఫీల్డ్ అసిస్టెంట్ కాంట్రాక్టు మనిషి, చిన్న జీతం. అతని నుంచి లక్షలు రాబట్టడం కుదరదు, ఉద్యోగం తీసేస్తే రికవరీ ఆగిపోతుంది. కొలత రాసిన టెక్నికల్ అసిస్టెంట్, దాన్ని చెక్ చేసినట్టు సంతకం పెట్టిన ఇంజినీరు, డబ్బు విడుదల చేసిన అధికారి "విచారణ తర్వాత" అనే మాట వెనక్కి వెళతారు. విచారణ చేసేది వాళ్ల శాఖే. ఈలోగా బదిలీలు, ఫైలు ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు.

ఈ లోపం ప్రభుత్వానికి తెలియక కాదు. రికవరీ కోసం శాఖలో విజిలెన్స్ విభాగం పెట్టారు. 2012లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సామాజిక తనిఖీకి, అవినీతి నిరోధానికి ప్రత్యేక చట్టమే చేసింది, మొబైల్ కోర్టులకు అందులో వీలు కల్పించింది.  అయినా పట్టుకునే యంత్రాంగాన్ని పెంచిన శ్రద్ధ శిక్షించే యంత్రాంగం మీద పెట్టలేదన్నది నా అభిప్రాయం. సామర్థ్యం పెంచడమంటే శిక్షణ తరగతులు, బ్యానర్లు, సర్టిఫికెట్లు అనుకునే అలవాటు ప్రభుత్వానికీ ఉంది, స్వచ్ఛంద సంస్థలకూ ఉంది, వాటికి డబ్బిచ్చే దాతలకూ ఉంది. ఎంతమందికి శిక్షణ ఇచ్చారన్న లెక్క ప్రతి నివేదికలో ఉంటుంది. పోయిన ప్రజావేదికలో తీసుకున్న నిర్ణయాల్లో ఎన్ని అమలయ్యాయన్న లెక్క వెతికినా దొరకదు.

ఇప్పుడు డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది, ఫొటో హాజరు ఉంది. ఇంకా తనిఖీ ఎందుకు?

ఖాతాలో పడటం వల్ల పాత దొంగతనాలు కొన్ని నిజంగానే కష్టమయ్యాయి, ఒప్పుకోవాలి. కానీ పనికి రాని మనిషి పేరు రాసి, డబ్బు ఆ మనిషి ఖాతాలోనే వేయించి, తర్వాత ఇద్దరూ పంచుకుంటే బ్యాంకు స్టేట్‌మెంటులో ఏ తప్పూ కనిపించదు. యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో పెట్టే హాజరు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనితో సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకు ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, ఒకే ఫొటోను వేర్వేరు మస్టర్లకు వాడుతున్నారని. మరోవైపు సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే నిజంగా పనిచేసిన కూలీకి హాజరు పోతుంది. ఆ సంగతి యాప్‌లో కనిపించదు, ఇంటికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

తనిఖీ బృందమే డబ్బు తీసుకుంటే?

జరుగుతుంది. కంచే చేను మేసిన సందర్భాలు లేవని ఎవరన్నా అంటే నమ్మకండి. సొంత మండలం ఇవ్వకపోవడం, చేసిన తనిఖీనే కొన్నిచోట్ల మళ్లీ చేయించడం, నివేదికలు అందరూ చూసేలా పెట్టడం, ఇవన్నీ దానికి వేసిన కట్టుబాట్లే. ఊరి సంఘం గట్టిగా ఉంటే ఇంకో రక్షణ ఉంటుంది. ఇంట్లో మీరు చెప్పిన మాటలు గ్రామసభలో చదివిన నివేదికలో ఉన్నాయా లేదా చూసుకోండి. లేకపోతే అక్కడికక్కడే లేచి అడగండి. బృందం జీతాలు నెలల తరబడి ఆగినా ఇదే బలహీనత వస్తుంది. కేంద్రం నుంచి నిధులు రాక చాలా రాష్ట్రాల్లో తనిఖీ విభాగాలు అలాంటి ఇబ్బంది పడ్డాయి.

ఊళ్లో అందరి ముందు మాట్లాడితే రేపు నాకు పని ఇవ్వరేమో?

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఒంటరిగా లేవకండి. ఉపాధి కూలీల శ్రమశక్తి సంఘమో, మహిళా సంఘమో, మీ గ్రూపులో పనిచేసే నలుగురో కలిసి ఒకే వాంగ్మూలం ఇవ్వండి. రాతపూర్వకంగా పని అడిగి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. కక్ష సాధింపుగా పని ఆపితే ఆ రసీదే మీకు ఆధారం.

బృందం వచ్చేదాకా ఆగకుండా మేమే రికార్డులు తీసుకోవచ్చా?

తప్పకుండా. సమాచార హక్కు దరఖాస్తుకు రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

దరఖాస్తు రాయడంలో మెళకువ ఉంది. "మా ఊళ్లో జరిగిన అవినీతి వివరాలు ఇవ్వండి" అని రాస్తే, అలాంటి సమాచారం లేదని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. పని పేరు, ఏ సంవత్సరం రాసి, దానికి చెందిన మస్టర్లు, ఎం-బుక్కు పేజీలు, అంచనా పత్రం, సామగ్రి బిల్లుల నకళ్లు అడగండి. ఎందుకని అడగొద్దు, ఏం కాగితం కావాలో అడగండి.

అధికారి నేరుగా లంచం అడిగాడు. దానికి కూడా సామాజిక తనిఖీయేనా?

కాదు, అది అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) పని. తెలంగాణలో 1064కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు నిజమనిపిస్తే వల పన్నుతారు. నోట్లకు ఫినాఫ్తలిన్ పొడి రాస్తారు, తీసుకున్న చేతిని సోడియం కార్బొనేటు నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతపెడితే ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే ఆ నేరం వాళ్లకు వర్తించదు. ఇవ్వకముందే చెప్పడం మరీ మంచిది. సాక్షులు కోర్టులో ఎదురు తిరిగితే కేసు పోతుందన్న భయం ఉండేది. ఫిర్యాదుదారు మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో నేరం నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

రేషను, బడి భోజనం, పింఛన్లకు ఇది వర్తిస్తుందా?

పద్ధతి వర్తిస్తుంది, ఇతర పథకాల్లోనూ అక్కడక్కడా చేశారు. మేఘాలయ 2017లో పలు శాఖల పథకాలన్నిటికీ కలిపి సామాజిక తనిఖీ చట్టం తెచ్చింది.

మేం విదేశాల్లో ఉంటున్నాం, ఊరికి ఏదైనా చేయగలమా?

చాలామంది గుడికి, బడికి చందాలు పంపుతారు. ఇది అంతకన్నా తక్కువ ఖర్చు. ఉపాధి హామీ వెబ్‌సైటులో మీ పంచాయతీ పనులు, మస్టర్లు, చెల్లింపులు ఎక్కడి నుంచైనా చూడొచ్చు. మీ ఊరి జాబితా దించి, తెలుగులో రాసి, ఊళ్లో సంఘం చేతికి ఇవ్వండి. అక్కడి నుంచే వాట్సాప్‌లో ఎవరినీ దొంగ అనకండి. పేరున్నా పనికి రానట్టు కనిపించిన మనిషి నిజంగా వచ్చి ఉండొచ్చు. అడిగి తెలుసుకోవాల్సింది ఊళ్లో ఉన్నవాళ్లే.

పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది కదా?

2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త ఉపాధి చట్టాన్ని ఆమోదించింది. పని రోజులను 100 నుంచి 125కు పెంచింది, ఖర్చులో రాష్ట్రాల వాటా కూడా పెరిగింది. సామాజిక తనిఖీ అందులోనూ ఉంది. మారుతున్న కాలంలో పాత పనుల రికార్డులు ఎవరికీ పట్టకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి వాటి నకళ్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మా ఊళ్లో పోయిన ప్రజావేదిక నిర్ణయాలు ఏమయ్యాయో ఎలా తెలుస్తుంది?

ఎంపీడీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి మూడు కాగితాలు అడగండి. ప్రజావేదిక నిర్ణయాల నకలు, వాటి మీద తీసుకున్న చర్యల నివేదిక, రికవరీ డబ్బు జమ చేసిన చలానాలు. మొదటి రెండూ ఇచ్చి మూడోది ఇవ్వకపోతే డబ్బు ఇంకా రాలేదని అర్థం. ఆ జవాబును వచ్చే గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా పెట్టమని సర్పంచ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.